తలెత్తని హాజరు

నాలుగు కాగానే అటెండరు దుబ్బయ్య వరండాలో వేలాడే ఇనుప పట్టా మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు. పరీక్షకు ఇంకో గంట మిగిలిందని దాని అర్థం. రెండింటికి మూడో నంబరు గదిలో ముగ్గురు కూర్చున్నారు గానీ, అరగంట దాటితే వెళ్లిపోవచ్చన్న నిబంధన కోసమే వచ్చినట్టు ఇద్దరు మగవాళ్లు ఆ అరగంట కాగానే కాగితాలు ఇచ్చేసి మెట్లు దిగిపోయారు. ఒకాయన పోతూ పోతూ "గిది మాతోని అయ్యే పని కాదు సార్, మీరు చాన్సిచ్చిన్రని వచ్చినం" అని నవ్వాడు కూడా. ఇప్పుడు గదిలో ఉన్నది ఇద్దరే. కిటికీ పక్కన రెండో బెంచీలో రాసుకుంటున్న స్వరాజ్యలక్ష్మి, బోర్డు కింద కుర్చీలో డీన్ రామేశ్వర్. నెలాఖరుకు రిటైరయ్యే మనిషి, కాలేజీలో ప్రిన్సిపాల్ తర్వాత అంతటివాడు, ముగ్గురు పాత విద్యార్థులకు కాపలా కూర్చోవడమేమిటని పరీక్షల విభాగంలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ విభాగం చూసే క్రాంతి మేడం "నేను కూసుంట సార్, మీరు పోయి చాయ్ తాగున్రి" అని రెండుసార్లు వచ్చి అడిగింది. రామేశ్వర్ వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో చెప్పలేదు. ఐదు గంటల లోపల ఆ రాస్తున్న మనిషికి ఆయన ఒక మాట చెప్పాలి. పన్నెండేళ్లుగా గొంతులో పెట్టుకు తిరుగుతున్న మాట. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పడానికి కుర్చీ ఉండదు, గది ఉండదు, ఆమె మళ్లీ ఈ మెట్లెక్కదు.

ఆమె తల వంచుకుని రాస్తోంది, ఆయన తల ఎత్తి చూస్తున్నాడు. ఇది ఎప్పుడూ జరగని పని. ముప్పై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక విద్యార్థి ముఖాన్ని ఇంతసేపు చూసింది లేదు, అందుకే కళ్లకు ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. నుదుటి దగ్గర ఒక తెల్ల పాయ. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, రాస్తూ రాస్తూ ఎడమచేతి మణికట్టుతో పైకి తోసుకోవడం. ముప్పై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఇబ్రహీంపూర్‌లో అంగన్‌వాడీ టీచరని దరఖాస్తులో రాసింది, సూపర్వైజర్ పోస్టుకు డిగ్రీ కావాలట, డిగ్రీకి ఒక్క పేపరు తక్కువట, ఆ ఒక్క పేపరు ఆయన చెప్పిన స్టాటిస్టిక్సేనట. ఈమెను ఊళ్లో ఎక్కడ చూసినా గుర్తుపట్టేవాడు కాదు. ఆ మాటకొస్తే ఎవరిని గుర్తుపట్టాడు గనక. పాత బస్టాండు దగ్గర, బ్యాంకులో, కూరగాయల మార్కెట్లో ఎవరో ఒకరు వంగి కాళ్లు మొక్కుతారు. "సార్, నేను మీ స్టూడెంట్‌ను" అంటారు. ఆయన వాళ్ల ముఖం కేసి అయోమయంగా చూసి, "నంబరెంత?" అంటాడు. "రెండువేల మూడు బ్యాచి, ఇర్వైమూడు సార్" అనగానే ఎక్కడిదో తాళం తీసినట్టు గడగడా చెప్పేస్తాడు, ఇరవైమూడు, కాస్ట్ అకౌంటింగ్‌లో తప్పావు, సప్లిమెంటరీలో నలభై ఒకటొచ్చింది, నల్ల సిరాతో రాసేవాడివి. వాళ్లు మురిసిపోతారు. భార్య ప్రమీల మాత్రం పెళ్లయిన నాటి నుంచీ ఎద్దేవా చేస్తూనే ఉంది. "పెండ్లిచూపులల్ల గూడ నా మొకం చూడలేదు గీయన. నా నంబరెంతనో అడిగితే చెప్తుంటి" అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది.

ఆమె నవ్వుతుంది గానీ, ముఖం చూడకపోవడం తండ్రి, బాపు, నేర్పిన బుద్ధి. బాపుకు బట్టల దుకాణం ఉండేది, కమాన్ దాటాక రెండో గల్లీలో, పొద్దున ధూపం, సాయంత్రం కొత్తబట్ట గంజివాసన. బడి అయ్యాక రామేశ్వర్ పోయి గల్లా పక్కన కూర్చునేవాడు. ఒకసారి ఎవరో పేదామె జాకెట్టు గుడ్డకు వస్తే, పాపమనిపించి గజం మీద బెత్తెడు ఎక్కువ కోశాడు. మరుక్షణమే ఒక పట్వారీగారి భార్య వస్తే బెదిరి ఇంకో బెత్తెడు. దుకాణం కట్టేసేటప్పుడు బాపు గజంబద్ద చేతికిచ్చి "మొకం చూసి గుడ్డ కోస్తే దుకాణం మూసుడే బిడ్డా. మొకం చూడకు, గజం చూడు" అన్నాడు. అంతే. ఆ మాట పట్టుకుని రామేశ్వర్ ఎక్కడిదాకా వచ్చాడు! లెక్చరరై మొదటి రోజు రిజిస్టరు తెరిచినప్పుడే నిశ్చయించుకున్నాడు, తల ఎత్తకూడదని. ఎత్తితే ఒకడు తోటి దుకాణదారు కొడుకుగా కనిపిస్తాడు, ఒకడు కులపోడుగా, ఒకడు నిన్న ఎదురుమాట్లాడినవాడుగా. ఎత్తకపోతే అందరూ అంకెలే. అంకెలకు చుట్టరికం లేదు. "వన్, టూ, త్రీ" అని ఇంగ్లీషులో, ఊపిరి తీసుకోకుండా, కింది పెదవి కదిలీ కదలకుండా చదువుతూ పోయేవాడు, "ప్రెజెంట్ సార్" వినపడితే గడిలో హాజరు అంకె వేసేవాడు, వినపడకపోతే ఆబ్సెంటని 'ఏ' రాసేవాడు. నిమిషమున్నరలో డెబ్బై మంది. ఎవరైనా ఏదైనా చెప్పుకుందామని టేబుల్ దగ్గరికి వస్తే అప్పుడూ తల ఎత్తేవాడు కాదు. కిటికీ వెలుతురు రిజిస్టరు మీద పడేది, వచ్చినవాళ్ల నీడ అడ్డొచ్చేది. "నీడ పడుతుంది, పక్కకు జరుగు" అనేవాడు. అది విని సగం మంది జరిగి జరిగి తలుపు దాకా పోయేవాళ్లు. పని తొందరగా అయ్యేది.

అందుకే రిజిస్టర్ సార్ అనే పేరు వచ్చింది. వెనక అనేవాళ్లు, తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు, ఆయనకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే లోపల గర్వమే. "రిజిస్టర్ ఎన్నడు అబద్ధమాడదు" అని ఆయనే అనేవాడు గదా, ఆయన నోటి మాటే ఆయనకు పేరైంది. డెబ్బై అయిదు శాతం హాజరుండాలి, డాక్టరు కాగితం తెస్తే అరవై అయిదు దాకా ఓర్చుకోవచ్చు, దాని కింద ఉంటే ఆ పేపరు రాయనివ్వకూడదు. ఇది కాలేజీ పెట్టిన నిబంధన, ఆయన పెట్టింది కాదు, కానీ పాటించింది ఆయనొక్కడే. ఒక పెద్దమనిషి కొడుక్కు అరవై ఒకటుంటే ఫోన్ మీద ఫోన్ వచ్చింది, వినలేదు. అన్న కొడుకు శ్రీవర్ధన్‌కు అరవై నాలుగు పాయింట్ రెండు. ఆ పాయింట్ ఎనిమిది కోసం వదిన ఇంటికొచ్చి ఏడ్చింది, అన్న మూడేళ్లు మాట్లాడలేదు, బాపు తద్దినానికి కూడా వేరే పూట వచ్చి పోయాడు. ఆ సంగతి తెలిశాక సిద్దిపేటలో సిఫారసు చేసేవాళ్లే మానేశారు. సొంత అన్న కొడుకునే ఆపిన మనిషి, మననేం లెక్కపెడ్తడు అన్నారు. కాలేజీకి సొంతంగా పరీక్షలు పెట్టుకునే అధికారం వచ్చి డీన్ పదవి పుట్టినప్పుడు యాజమాన్యం రెండో పేరు ఆలోచించలేదు. పదమూడేళ్లు అదే కుర్చీ. మూడు వేల మంది పిల్లల హాజరు. ఆయన సంతకం ఉంటే ఇక దాన్ని ఎవరూ తిరిగి చూడరు, అంత నమ్మకం. అంత నమ్మకం సంపాదించడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలియదు.

"సార్, అడిషనల్."

ఉలిక్కిపడ్డాడు. ఆమే లేచి వచ్చింది, కూర్చున్న చోటే చెయ్యెత్తితే ఇచ్చేవాడు, అలవాటు లేక లేచి వచ్చింది కాబోలు. టేబుల్ మీద హాజరు షీటు, దాని మీద ఆమె నీడ. నాలుక చివరిదాకా వచ్చింది ఆ పాత మాట, పళ్లు బిగించి ఆపుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టి, కట్టుకోవడానికి దారం ముక్క కూడా ఇచ్చాడు. "టైమున్నది, నిమ్మళంగ రాయి" అన్నాడు. ఆమె తల ఊపి వెళ్లింది. అరిగిన తోలు చెప్పులు, బొటనవేలి దగ్గర కుట్టు. కాళ్లు చూడగానే గుర్తుకొచ్చింది చూడు, ముఖం గుర్తులేదు గానీ కాళ్లు గుర్తున్నాయి! అప్పుడవి హవాయి చెప్పులు, ఒకదానికి నీలం పట్టీ, ఒకదానికి తెల్లది, తెగితే దొరికింది వేసుకున్నట్టుంది. వాటి పక్కనే ఇంకో జత కాళ్లు, చెప్పుల్లేవు, మడమలు పగిలి ఎర్రమన్ను పట్టి, పైన వెండి కడియాలు.

రెండువేల ఏడు, ఫిబ్రవరి. హాజరు తక్కువైనవాళ్ల జాబితా బోర్డు మీద పెట్టిన మర్నాడు. నంగునూరు బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నారు తల్లీ కూతుళ్లు. తల్లి పేరు చంద్రవ్వ అని దరఖాస్తులో ఉంది, తండ్రి రాజమల్లయ్య, వృత్తి కల్లుగీత. ఆ రాజమల్లయ్యకు సభలంటే మోజట, బిడ్డ పుట్టిన రోజున కూడా ఏదో సభకు పోయి వచ్చి ఆ పేరు పెట్టాడట, ఇంత పొడుగు పేరు పట్టక రిజిస్టరులో స్వ.లక్ష్మి అని రాశారు. కానీ ఆ రోజు ఆయన పేరు చూడలేదు. నంబరు యాభై, పాఠాలు నూట పన్నెండు, వచ్చినవి అరవై ఆరు, యాభై ఎనిమిది పాయింట్ తొమ్మిది. "సారూ, నా బిడ్డ దినాం బస్సెక్కుతనే ఉన్నది, పొద్దుగాల సద్ది కట్టి పంపేది నేనే" అన్నది తల్లి. అమ్మాయి "సార్, ఒక్కసారి నేను చెప్పేది..." అన్నది. ఆయన పెన్సిల్‌తో యాభై ఎనిమిది పాయింట్ తొమ్మిదిని చూపించి, తల ఎత్తకుండానే, "బస్సెక్కుడు వేరు, క్లాసుకొచ్చుడు వేరమ్మా. బస్సెక్కి ఏడికి పోతున్నదో నువ్వే అడుగు. రిజిస్టర్ ఎన్నడు అబద్ధమాడదు" అన్నాడు. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో. కడియాలు కాసేపు కదలలేదు. తర్వాత రెండు జతల కాళ్లూ తలుపు దాటాయి. వరండాలో ఏదో ధబ్బుమన్న చప్పుడు. గాలికి తలుపు కొట్టుకుందనుకున్నాడు. తర్వాతి జత కాళ్లను లోపలికి పిలిచాడు.

ఆమె ఇప్పుడు గడులు గీస్తోంది, స్కేలు లేదు, హాల్ టికెట్ అంచుతో గీస్తోంది. కోరిలేషన్ లెక్క అయి ఉంటుంది. లేచి వెనక నుంచి ఒకసారి నడిచి వచ్చాడు, చూడాలని కాదు, మోకాళ్లు పట్టేశాయని తనకు తాను చెప్పుకున్నాడు. వరుసలు సరిగ్గా పడ్డాయి, సగటు సరిగ్గానే తీసింది. పద్దెనిమిదేళ్ల తర్వాత, ఇంట్లో పిల్లల్నీ ఊళ్లో పిల్లల్నీ పెట్టుకుని, ఎవరి దగ్గర నేర్చుకుందో. తను నేర్పలేదు. తను నేర్పిన నూట పన్నెండు పాఠాల్లో నూట ఏడింటికి ఈమె వచ్చింది, నిజానికి. నూట ఏడు. తొంభై అయిదున్నర శాతం. ఆ క్లాసులో అంతకన్నా ఎక్కువ వచ్చినవాళ్లు ఇద్దరే.

అది తెలిసిన రోజు కూడా ఇలాగే ఎండ వాలి కిటికీ ఊచల నీడలు నేల మీద సాగాయి. రెండువేల పదమూడు, తనిఖీ బృందం వస్తోందని పాత రిజిస్టర్లన్నీ దులిపి ఏడాది వారీగా పేరుస్తున్నారు. దుబ్బయ్య ఒక కట్ట విప్పుతూ "సార్, మన మల్లేశ్ పేరుంది గిండ్ల, ఎస్సై మల్లేశ్" అన్నాడు, ఆ మల్లేశ్ దుబ్బయ్యకు మేనల్లుడు వరస. చూపించు అన్నాడు రామేశ్వర్ సరదాగా. నంబరు పదిహేను, మల్లేశ్. జూన్‌లోనే కానిస్టేబుల్‌గా ఎంపికై టీసీ తీసుకుపోయాడు, ఆఫీసువాళ్లు పేరు కొట్టేయాలన్న చీటీ దీపావళి దాకా పంపలేదు. అంతవరకు మామూలే, ఆఫీసంటేనే అంత. కానీ పదిహేనో నంబరు గడిలో హాజరు ఉంది. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, దసరా సెలవుల దాకా నలభై ఒక్క రోజులు. ఎక్కడో పోలీసు మైదానంలో పరుగులు పెడుతున్న మల్లేశ్, అదే గంటకు రామేశ్వర్ క్లాసులో కూర్చుని "ప్రెజెంట్ సార్" అంటున్నాడు! మొదట నవ్వొచ్చింది. ఎవడో తుంటరి దొంగ హాజరు పలికాడనుకున్నాడు. సెలవుల తర్వాత ఆ గడిలో ఒక్కసారిగా అన్నీ ఏలే. వేలు పెట్టి కిందికి పోతే, యాభయ్యో నంబరుకు సెలవుల దాకా అన్నీ ఏలు, సెలవుల మర్నాటి నుంచి ఒక్క ఏ లేదు. నవ్వు పోయింది. ఆ ఏడాది తెలుగు మీడియంలో పిల్లలు తగ్గారని చివరి సంవత్సరం వాళ్లను ఇంగ్లీషు మీడియంలో కలిపేసి కొత్త నంబర్లు ఇచ్చారు. అప్పటిదాకా తెలుగులో నంబరు పిలిస్తే పలికిన పిల్లకు అట్లా యాభై వచ్చింది. మిగతా లెక్చరర్లు పేర్లు పిలిచేవాళ్లు, లేదా ముఖాలు చూసి వేసుకునేవాళ్లు. తను ఒక్కడే ఊపిరాడకుండా ఫోర్టీన్ ఫిఫ్టీన్ సిక్స్‌టీన్ అంటూ పోతాడు. ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ మధ్య ఉన్న ఆ చిన్న నకారాన్ని మింగేసి పోతాడు. నంగునూరు పిల్ల ఫిఫ్టీ అనుకుని ఫిఫ్టీన్‌కు పలికింది. నిజం ఫిఫ్టీ వచ్చినప్పుడు, ఒకసారి పలికాను గదా, రెండోసారి పలికితే దొంగ హాజరంటారని నోరు మూసుకుంది. నలభై ఒక్క రోజులు. మగపిల్లవాడి నంబరుకు ఆడపిల్ల గొంతు పలికింది, ఆయన చెవికి అది కూడా పట్టలేదు. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు తల ఎత్తి ఉంటే సరిపోయేది. అందుకు నిమిషం కూడా పట్టదు.

ఆ రిజిస్టరును తీసి తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు, ఎందుకు చెప్పలేదంటే ప్రతి ఏడాదికి ఒక కారణం దొరికింది. తప్పు ఆ పిల్లది కూడా కదా, సరిగ్గా వినొద్దా, అని ఒక ఏడాది. పెళ్లై పిల్లలతో ఉన్న మనిషిని ఇప్పుడు కదిలించడమెందుకు, అని ఒక ఏడాది. అసలు కారణం శ్రీవర్ధన్. రిజిస్టరు ఒక్కచోట అబద్ధమాడిందని ఒప్పుకుంటే, ఆ అరవై నాలుగు పాయింట్ రెండు మాత్రం నిజమని ఎవరు నమ్ముతారు, ఆపిన ప్రతివాడూ వచ్చి నా లెక్క కూడా తియ్యి అనడా, మూడేళ్లు మాట్లాడని అన్న ఏమంటాడు. భయం, పచ్చి భయం. భయస్తుడు మంచివాడి వేషంలో ఉంటే కనిపెట్టడం కష్టం, లోపలున్న తనకే ఏళ్లు పట్టింది. చివరికి ఒక అడ్డదారి వెతుక్కున్నాడు. ఏళ్ల కిందట పేపర్లు మిగిలిపోయినవాళ్లకు, హాజరుతో పని లేకుండా ఒక్కసారి రాసుకునే అవకాశం ఇవ్వాలని అకడమిక్ కౌన్సిల్‌లో ప్రతిపాదన పెట్టాడు. ఆరుసార్లు పెడితే ఆరుసార్లు పక్కనపెట్టారు, ఏడోసారి, రిటైరయ్యే పెద్దమనిషి కోరికలే అని ఒప్పుకున్నారు. నూట నలభై మూడు మంది దరఖాస్తు చేశారు. రిజిస్టర్ సార్‌లో కూడా దయ ఉందన్నారు జనం. ఆదివారం రిటైర్మెంట్ సన్మానంలో దీని గురించి మాట్లాడతారట, ఫ్లెక్సీలో కూడా వేశారట. నూట నలభై మూడు మందిలో నూట నలభై రెండు మంది ఒక్కరి పుణ్యాన రాస్తున్నారని ఎవరికి తెలుసు. ఆ ఒక్కరు దరఖాస్తు చేస్తారో లేదోనని దుబ్బయ్యను బస్సెక్కించి ఇబ్రహీంపూర్ పంపి ఫారం ఇప్పించాడు. అది దయ కాదు. దయ అయితే తనే పోయేవాడు.

టంగ్ టంగ్ మని హెచ్చరిక గంట. పది నిమిషాలు. ఆమె వేగం పెంచింది, కళ్లద్దాలు జారిపోతున్నా తోసుకోవడం లేదు. రామేశ్వర్ లోలోపల వాక్యం కూర్చుకుంటున్నాడు, అమ్మా, రెండువేల ఏడులో సాంకేతిక కారణం వల్ల, ఛీ, సాంకేతికమేమిటి. అమ్మా, నీ హాజరు విషయంలో ఒక పొరపాటు జరిగింది. జరిగింది అంటే ఎవరు చేసినట్టు? మీటింగుల మినిట్స్ రాసీ రాసీ భాషలోంచి మనిషే పోయాడు. నేను తప్పు చేసిన. అంతే, మూడు ముక్కలు. సంచిలోంచి పాత రిజిస్టరు తీసి టేబుల్ మీద పెట్టాడు, అట్ట చీకిపోయి పొట్టు రాలుతోంది. చెప్పొద్దు, ఈమె పాసవుతుంది, పోస్టు వస్తుంది, ఎవరి దోవన వాళ్లు పోవచ్చు, ఇప్పుడు చెప్తే ఎవరికి లాభం అంటోంది లోపల ఆ పాత భయస్తుడి గొంతు, ఎంత మర్యాదగా మాట్లాడుతుందో. చెప్తే ఆమె అరవొచ్చు, అరిస్తే బాగుండు. చెప్తే ఆదివారం ఫ్లెక్సీ చింపుకోవలసి రావొచ్చు.

ఆఖరి గంట కొట్టేశాడు దుబ్బయ్య. ఆమె కాగితాలు దారంతో కట్టి, ముడి వేసి, తెచ్చి ముందు పెట్టింది. ఆయన లెక్కచూసి సంతకం పెట్టాడు. ఆమె వెళ్లబోతోంది.

"అమ్మా, ఆగు. నేను తప్పు చేసిన. నీకు ఆనాడు హాజరు తక్కువ లేదు. నువ్వు పదిహేను నంబర్‌కు పలికినవ్. నలభై ఒక్క రోజులు. నేను తల ఎత్తి చూడలే."

రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఆశ్చర్యపోను కూడా లేదు.

"నాకెరికే సార్" అన్నది. "దసరా సెలవులైనంక పక్కపిల్ల చెప్పింది, నీ నంబర్ పిలిస్తె పలుకవేందే అని. మీకు చెప్దామని మూడ్రోజులు టేబుల్ కాడ నిలబడ్డ. నీడ పడుతుంది, పక్కకు జరుగు అన్నరు. జరిగిన."

రామేశ్వర్ రిజిస్టరు మూశాడు. "ఆదివారం మీటింగ్ ఉన్నది. అందరి ముంగట చెప్తా. నీకు పేపర్ల రాసిస్తా" అన్నాడు. తన గొంతు తనకే అర్జీ పెట్టుకున్నవాడి గొంతులా వినపడింది.

"అందరికెందుకు సార్. అందరికి నేనెవరో గూడ తెల్వదు." ఆమె హాల్ టికెట్ మడిచి సంచిలో పెట్టుకుంది. "చెప్తే మా అవ్వకు చెప్పున్రి. ఆనాడు మీరు, బస్సెక్కి ఏడికి పోతున్నదో అడుగు అన్నరు. బయటికి రాంగనే వరండలనే కొట్టింది. నేనెవనితోనో తిరుగుతున్ననని, మిగిలిన పరీక్షలు గాంగనే ఎండకాలం లగ్గం చేసిన్రు. మా ఆయిన మంచోడే, గది కాదు నా బాధ. పద్దెనిమిదేండ్లాయె, అవ్వ మళ్ల ఎన్నడు అడగలే, నేను మళ్ల చెప్పలే. కని ఇప్పటికి గట్లనే నమ్ముతది. కింద కూసున్నది, నాతోనే వచ్చింది."

అయితే తలుపు కాదు. ఆ రోజు వరండాలో ధబ్బుమన్నది తలుపు కాదు. రామేశ్వర్ లేచాడు, రిజిస్టరు చంకలో పెట్టుకున్నాడు, జవాబు పత్రాలు దుబ్బయ్య చేతిలో పెట్టి "క్రాంతి మేడంకు ఇయ్యి" అన్నాడు. మెట్లు దిగుతుంటే ఆమె ముందు నడిచింది, ఆయన వెనక. ఎన్నివేల సార్లు దిగిన మెట్లు, పదకొండో పన్నెండో ఇవాళే లెక్క రావడం లేదు. కింద నోటీసు బోర్డు పక్కన సిమెంటు అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది, పక్కన నీళ్ల సీసా, ఒడిలో మడిచిన చద్దరు. ముందు కాళ్లే కనపడ్డాయి. ఇప్పుడు చెప్పులున్నాయి. కడియాలు అవే. అలవాటు కొద్దీ అక్కడే ఆగబోయిన చూపును బలవంతాన పైకి లేపాడు. ముడతలు పడ్డ ముఖం, ఒక కంటికి ఆపరేషనైన గుర్తు, నోట్లో వక్క. ఇదన్నమాట చంద్రవ్వ.

"అవ్వా, నేను రామేశ్వర్‌ను. ఆనాడు నీ బిడ్డను పరీక్ష రాయనియ్యని సార్‌ను." నిలబడే చెప్పాడు, ఒక్కో మాటా విడమరచి, జీవితంలో మొదటిసారి నెమ్మదిగా. "నీ బిడ్డ దినాం క్లాసుకొచ్చింది. ఏడికి పోలే. నా రిజిస్టరే తప్పు. నేనే తప్పు రాసిన."

చంద్రవ్వ ఆయన ముఖంలోకి చూసింది, తర్వాత కూతురి ముఖంలోకి. వక్క నమలడం ఆపింది. కోపం వస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, తిడితే పడదామనే దిగి వచ్చాడు. ఆమె చెయ్యి చాచి స్వరాజ్యలక్ష్మి వీపు మీద వేసింది. కొట్టినచోట అయి ఉంటుంది, అక్కడే చెయ్యి ఆగింది.

"చెప్పింది సారూ" అన్నది. "నా బిడ్డ గా దినమే చెప్పింది, బస్సుల ఏడ్సుకుంట నంగునూరు దాంక చెప్పుకుంటనే వచ్చింది. నేనే ఇనలే. నువ్వు సదువుకున్నోనివి గదా అని నిన్ను నమ్మిన."

గేటు వైపు నుంచి వాలిన ఎండ రామేశ్వర్ వీపు మీద పడుతోంది. తన నీడ ఆ తల్లీ కూతుళ్ల మీద పడుతోందని చూసి, పక్కకు జరిగాడు.